బాటల చరిత్ర – 9: నానేఘాట్ నుంచి కోటిలింగాల దాకా

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మీదుగా పోయే సడక్‌ను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇటు పోతే ఖానాపూర్ రోడ్డు అంటారు, అటు పోతే రాయికల్ రోడ్డు అంటారు. ప్రభుత్వ దస్తావేజుల్లో అది జాతీయ రహదారి 61. ఎక్కడో అరేబియా సముద్రం ఒడ్డుకు దగ్గర్లో, భీవండీ పక్కన బయలుదేరుతుంది. కల్యాణ్, ముర్బాడ్ దాటి మాల్షేజ్ ఘాట్ దగ్గర సహ్యాద్రి ఎక్కుతుంది. అహమద్‌నగర్, పర్భణీ, నాందేడ్, భోకర్, భైంసా, నిర్మల్, ఖానాపూర్ ఊళ్ల మీదుగా వచ్చి, గోదావరి దాటి మల్లాపూర్‌లో అడుగుపెడుతుంది. అక్కణ్నుంచి రాయికల్ మీదుగా జగిత్యాల చేరి, 63వ నంబరు రహదారిలో కలిసిపోతుంది.

ఈ ధారావాహికలో ఇంతవరకు చెప్పుకున్న బాటలన్నీ ఎవరో ఒక ప్రభువు వేయించినవే. పర్షియా చక్రవర్తులు సార్డిస్ నుంచి సూసా దాకా నడిపిన రాజబాట మీద 111 మజిలీలు ఉండేవని హెరొడోటస్ రాశాడు. క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ మొదలుపెట్టిన బాటకు ఆయన పేరే నిలిచింది. షేర్షా ఐదేళ్లు మాత్రమే ఏలినా ఉత్తరాపథం వెంట సరాయిలు కట్టించిన రాజుగా జనం జ్ఞాపకంలో మిగిలాడు. ఈ వారం చెప్పబోయే బాటకు అలాంటి కర్త లేడు. ఎడ్ల గిట్టలు, బండి చక్రాలు, మూటలు మోసిన మనుషుల పాదాలు వేసిన బాట అది. కాబట్టే దానికి ఒక శిలాఫలకం లేదు, ప్రారంభోత్సవ తేదీ లేదు. కానీ దాని రెండు కొసల్లో ఒకే రాజు పేరు దొరికింది.

పడమటి కొస నుంచి మొదలుపెడదాం. కల్యాణ్ నుంచి అహమద్‌నగర్ పోయే దారిలో వైశాఖరే అని ఒక ఊరు వస్తుంది. అక్కడ రోడ్డు దిగి కొండెక్కితే నానేఘాట్. కొంకణ తీరం నుంచి దక్కను పీఠభూమి మీదికి, జున్నర్ వైపు తీసుకుపోయే ఇరుకైన కనుమ అది. కనుమ నోట్లో రాతిలో తొలిచిన ఒక గుహ ఉంది. 1828లో విలియం సైక్స్ అనే ఆంగ్లేయ అధికారి దాన్ని చూసి లోకానికి చెప్పాడు. గోడల మీద బ్రాహ్మీ లిపిలో పొడవైన శాసనం. శాతకర్ణి రాణి నాగానిక చేయించిన యజ్ఞాలు, ఇచ్చిన దక్షిణలు అందులో లెక్కలతో సహా ఉన్నాయి: ఒకచోట 1,700 ఆవులు, 10 ఏనుగులు, ఇంకోచోట వేలకొద్దీ కార్షాపణాలు. అంకెలు రాసే పద్ధతి మన దేశంలో ఎలా ఎదిగిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఆ గోడ దగ్గరికే పోతారు.

గుహ వెనక గోడకు ఒకప్పుడు వరసగా నిలువు విగ్రహాలు ఉండేవి. విగ్రహాలు పోయాయి. వాటి పైన చెక్కిన పేర్లు మిగిలాయి. ఆ పేర్లలో మొదటిది రాజు శిముక శాతవాహనుడిది. కనుమ పైభాగంలో ఒక పెద్ద రాతి తొట్టి ఉంది. బాటసారుల దగ్గర సుంకం వసూలు చేసి అందులో వేసేవాళ్లని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. రాజకుటుంబం తన పేర్లను, పుణ్యకార్యాలను గుళ్లోనో కోటలోనో కాక సరుకు బళ్లు, గాడిదలు ఎక్కి దిగే కనుమ నోట్లో చెక్కించుకుందంటే, ఆ రాజ్యానికి బతుకు ఎక్కణ్నుంచి వచ్చేదో తెలుస్తూనే ఉంది. నా దృష్టిలో శాతవాహనుల చరిత్రలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం యజ్ఞాల జాబితా కాదు, ఆ జాబితాకు వాళ్లు ఎంచుకున్న చోటు.

ఇక తూర్పు కొస. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో, పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉంది. ఏళ్ల తరబడి వానలకు మట్టి కొట్టుకుపోయినప్పుడల్లా అక్కడ నాణేలు పైకి తేలేవి. ధర్మపురి పండితుడు సంగనభట్ల నరహరిశర్మ వాటి విలువ గుర్తించి సేకరించాడు. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి, వృత్తికి నరాల శస్త్రవైద్యుడైనా నాణేల అధ్యయనానికి జీవితం ధారపోసిన దేమె రాజారెడ్డి వాటిని చదివి ప్రపంచానికి అందించారు. 1970ల చివర్లో, 80ల మొదట్లో వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. మట్టికోట గోడలు, ఇటుక కట్టడాలు, బావులు బయటపడ్డాయి. శాతవాహనుల కంటే ముందు ఈ నేల ఏలిన గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు మొదటిసారి తెలిసింది ఈ నాణేల వల్లనే. ఏ పురాణమూ వాళ్లను తలవలేదు. వాటితోపాటు శిముకుని నాణేలూ దొరికాయి.

నానేఘాట్‌లో రాతి మీద ఉన్న పేరు కోటిలింగాలలో లోహం మీద దొరికింది. శాతవాహనుల మొదటి ఇల్లు ఏదన్న తగవు దీంతో కొత్త మలుపు తిరిగింది. పైఠాన్ అనేవాళ్లు ఉన్నారు, ధాన్యకటకం అనేవాళ్లు ఉన్నారు. నాణేలు చూశాక, రాజ్యం ఇక్కడే పుట్టి పడమటికి పాకిందని చెప్పే వాదానికి బలం వచ్చింది. ఇంకా కొందరు పండితులు ఈ నాణేల మీది శిముకుడూ నానేఘాట్ శిముకుడూ ఒకరేనా అని ప్రశ్నిస్తారు. తగవు తేలలేదు. బాట చరిత్ర రాసేవాడికి అది తేలనక్కర లేదు కూడా. రాజ్యం తూర్పు నుంచి పడమటికి పాకినా, పడమటి నుంచి తూర్పుకు పాకినా, పాకడానికి ఒక దారి ఉండాలి. ఆ దారి గోదావరి లోయ.

ఎందుకు గోదావరి? దక్కను పటం ముందు పెట్టుకుని చూడండి. నాసిక్ దగ్గర పుట్టిన నది తూర్పు దిక్కుగా, కాస్త దక్షిణానికి వంగుతూ దిగి వస్తుంది. ఉత్తరాన సాత్మాల గుట్టలు, నిర్మల్ అడవులు. దక్షిణాన బాలాఘాట్ గుట్టలు. మధ్యలో నీళ్లు, పశువులకు మేత, ఎత్తుపల్లాలు తక్కువైన నల్లరేగడి. వెయ్యి ఎడ్ల బిడారు నడవాలంటే పూటపూటకూ నీళ్లు కావాలి. బాటను నిర్ణయించింది రాజు కాదు, ఎద్దు దప్పిక. రహదారుల శాఖ ఇంజినీర్లు 61కి దారి గీసినప్పుడు శాతవాహనులను తలచుకుని ఉండరు. అయినా కల్యాణ్ నుంచి సహ్యాద్రి ఎక్కి గోదావరి వెంట తూర్పుకు దిగే దారి వెతికితే నేల చూపించేది దాదాపు అదే గీత. పైఠాన్‌ను ఇప్పటి రోడ్డు కొంత దక్షిణంగా తప్పించుకుపోతుంది, నానేఘాట్‌ను వదిలి పక్కనున్న మాల్షేజ్ ఎక్కుతుంది. అవి చిన్న తేడాలు.

ఈ దారిన నడిచిన మనుషుల గురించి మన దగ్గర ఒక పాత కథ ఉంది. పాళీ భాషలోని సుత్తనిపాతం చివరి వర్గంలో బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు కనిపిస్తాడు. కోసల దేశం విడిచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక, ములక దేశాల సరిహద్దులో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకుంటాడు. ఉన్నదంతా దానం చేశాక ఒక యాచకుడు వచ్చి 500 నాణేలు అడుగుతాడు. లేవంటే, ఏడు రోజుల్లో నీ తల ఏడు ముక్కలవుతుందని శపిస్తాడు. భయపడిన బావరి, తల అంటే ఏమిటో, అది పగలడం అంటే ఏమిటో తెలిసినవాడు బుద్ధుడొక్కడే అని విని తన 16 మంది శిష్యులను పంపుతాడు. వాళ్లు పోయిన దారిని ఆ గ్రంథం ఊరి తర్వాత ఊరుగా చెబుతుంది: మొదట ప్రతిష్ఠానం, అంటే పైఠాన్, తర్వాత మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశీనగరం, వైశాలి. చివరికి మగధలో బుద్ధుణ్ని కలుసుకుని ఒక్కొక్కరు ప్రశ్నలడుగుతారు. వాళ్లలో పెద్దవాడు పింగియుడు తిరిగి వచ్చి గురువుకు అంతా చెబుతాడు.

ఆ ఆశ్రమం ఖానాపూర్ మండలం బాదనకుర్తి అని తెలంగాణ చరిత్రకారుల్లో కొందరు గుర్తించారు. గోదావరి రెండు పాయలుగా చీలి చుట్టుకున్న ఊరు అది. మల్లాపూర్ మండలానికి నదికి అవతలి వైపు. అస్సక రాజధాని పోదన నేటి బోధన్ అనే గుర్తింపు బలమైనది. బాదనకుర్తి విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. తిరుగులేని సంగతి ఒకటుంది. తెలుగు నేలకు ఆనుకున్న గోదావరి తీరం నుంచి ఉత్తరాదికి పోవాలనుకున్నవాడు అప్పట్లో నేరుగా ఉత్తరానికి, నిర్మల్ అడవుల్లోంచి పోలేదు. ముందు నది వెంట పడమటికి, పైఠాన్ దాకా నడిచాడు. అక్కడ ఉత్తరానికి తిరిగాడు. మల్లాపూర్‌లో భీవండీ బస్సెక్కినవాడు ఇప్పుడు ఏ దిక్కు తిరుగుతాడో బావరి శిష్యులూ ఆ దిక్కే తిరిగారు.

సరుకుల సంగతి చెప్పేవాడు గ్రీకు నావికుడు. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రా గ్రంథంలో దక్షిణాపథపు రెండు పెద్ద బజారు ఊళ్ల ప్రస్తావన ఉంది. బరుకచ్చం (నేటి భరూచ్) రేవు నుంచి దక్షిణంగా 20 రోజుల ప్రయాణంలో పైఠాన్. అక్కణ్నుంచి తూర్పుగా 10 రోజుల దూరంలో తగర. పైఠాన్ నుంచి రంగురాళ్లు, తగర నుంచి ముతక బట్టలు, సన్నని మస్లిన్లు బళ్ల మీద, దారీ తెన్నూ లేని నేల దాటి రేవుకు చేరతాయంటాడు. కల్యాణ్ ఒకప్పుడు సక్రమమైన రేవేననీ, తర్వాత అక్కడికొచ్చే గ్రీకు ఓడలను పట్టుకుని కాపలా పెట్టి బరుకచ్చానికి తరలిస్తున్నారనీ రాశాడు. రాజ్యాల మధ్య పోరు వస్తే మొదట దెబ్బ తినేది రేవు, ఆ వెంటనే దాని వెనకున్న బాట.

తగర ఎక్కడన్నది చాలాకాలం చిక్కు ప్రశ్న. 1901లో శాసన పండితుడు జె.ఎఫ్. ఫ్లీట్ అది ఇప్పటి ధారాశివ్ జిల్లాలోని తేర్ అని తేల్చాడు. బార్షీకీ లాతూరుకూ నడుమ, తేర్ణా నది ఒడ్డున ఉంది ఆ ఊరు. ఇప్పుడు 63వ రహదారి ఎక్కడ మొదలవుతుందో చూడండి: బార్షీలో. లాతూరు, ఉద్గీర్, దెగ్లూర్, బోధన్, నిజామాబాద్, ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల వస్తుంది. కల్యాణ్ నుంచి దిగిన 61, తగర పక్క నుంచి వచ్చిన 63 ఒకదానికొకటి కలిసేది జగిత్యాలలో. అక్కణ్నుంచి కోటిలింగాల ఎంతో దూరం లేదు.

ఫ్లీట్ తాను గీసిన తూర్పు బాటను మచిలీపట్నం నుంచి నేటి హైదరాబాదు ప్రాంతం మీదుగా తేర్‌కు తెచ్చాడు. ఆయన కాలానికి కోటిలింగాల నాణేలు దొరకలేదు. ధూళికట్ట స్తూపం, పెద్దబంకూర్ బావులు మట్టికిందే ఉన్నాయి. పాత కరీంనగర్ జిల్లాలో అవి బయటపడ్డాక, దక్షిణాన ఉన్న బాటతోపాటు గోదావరి వెంట ఇంకో బాట, అంతే ముఖ్యమైనది, ఉండి తీరాలని నేను నమ్ముతున్నాను. మెగస్తనీస్ రాతల ఆధారంగా ప్లినీ రాసిన ఆంధ్రుల 30 ప్రాకార నగరాల్లో కొన్నైనా ఈ దారి వెంట ఉన్నవే అయి ఉండాలి.

శాతవాహనుల తర్వాత వెయ్యేళ్లకు పైబడిన కాలాన్ని ఇక్కడ దాటేస్తున్నాను. కాకతీయుల బాటలు మోటుపల్లి రేవుతో కలిపి ముందు భాగంలో వచ్చాయి. నేరుగా ఇనుము దగ్గరికి పోదాం, ఎందుకంటే ఈ ప్రాంతం ప్రపంచానికి పంపిన అతి విలువైన సరుకు అదే.

1667లో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఔరంగాబాదు నుంచి నాందేడ్, ఇందూరు (నేటి నిజామాబాద్) మీదుగా గోల్కొండకు వచ్చాడు. దారిలో ఇందల్వాయి గురించి ప్రత్యేకంగా రాశాడు. కత్తులు, బాకులు, బల్లేలు అక్కడ తయారై దేశమంతా పోతాయని, ఇనుము దగ్గర్లోని కొండల నుంచి వస్తుందని. ఆ ఇందల్వాయి మీద నుంచే ఇప్పుడు 44వ రహదారి పోతోంది. మరో 150 ఏళ్ల తర్వాత, భారత భూభాగాన్ని త్రికోణాలుగా కొలుస్తున్న లాంబ్టన్ బృందంలోని వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు హెన్రీ వాయ్సీ కోనసముద్రం వచ్చాడు. మెట్‌పల్లి నుంచి ఆర్మూర్ పోయే దారికి దగ్గర్లోని ఊరు. అక్కడ కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు ముద్దలు తీయడం కళ్లారా చూసి రాశాడు. రెండు చోట్ల ఇనుమును కలిపి వాడేవారు. అందులో ఎక్కువ పాలు మెట్‌పల్లిది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు హాజీ హుసేన్ అక్కడే మకాం వేసి, ముద్దలను ఒక్కొక్కటిగా పరీక్షించి కొంటున్నాడు. డమాస్కస్ కత్తులని పడమటి లోకం పొగిడిన కత్తుల ఉక్కు ఇటువంటి ఊళ్లదే. వాయ్సీ 1824లో చనిపోయాడు. ఆయన వ్యాసం 1832లో కలకత్తాలో అచ్చయింది.

ఒక్కసారి ఆగి ఆలోచించవలసిన విషయం ఇది. ఇస్ఫహాన్ వర్తకుడు మెట్‌పల్లి పక్క పల్లెకు వచ్చాడంటే ఆ పల్లె దారి అతనికి తెలుసు. అతనికంటే ముందు అతని తండ్రులకూ తెలిసే ఉంటుంది. డాంబర్ లేదు, మైలురాయి లేదు. లంబాడీ తండాల ఎడ్ల బిడార్లు ఉన్నాయి. ఉప్పు ఇటు, ధాన్యం అటు, ఉక్కు ముద్దలు సంచుల్లో. దండయాత్రకు పోయే సైన్యాలకు కూడా తిండి మోసింది వాళ్లే. ఈ దేశపు రహదారుల చరిత్ర రాసినవాళ్లు రాజులను తలచినంతగా లంబాడీలను తలవలేదు. తర్వాతి కాలంలో కంకర కొట్టిన వడ్డెరలనూ తలవలేదు. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ కలిసి ఉత్తర తెలంగాణలో ఇనుప కొలుముల జాడలు సర్వే చేశాయి. ఊరూరా చిట్టెపు కుప్పలే. కొలిమి ఉన్న ప్రతి ఊరికీ ఒక బాట ఉండేది. అలాంటి సర్వే ఒకటి ఎడ్ల బాటల మీద కూడా జరగాలి, ఇంకా చెప్పగలిగే ముసలివాళ్లు ఉన్నప్పుడే.

రాజధాని హైదరాబాదు అయ్యాక బాటల దిక్కు మారింది. రోములో ఆగస్టస్ నిలిపిన బంగారు మైలురాయి నుంచి దూరాలు కొలిచినట్టు, ఇక్కడ అన్ని దూరాలూ రాజధాని నుంచే మొదలయ్యాయి. పన్ను వచ్చేది అటు, పటాలం పోయేది అటు. నాగపూర్ నుంచి నిర్మల్, ఆర్మూర్ మీదుగా హైదరాబాదు పోయే దక్షిణపు దారి బలపడింది. కరీంనగర్ దారి కూడా రాజధాని వైపే. 1932 జూన్‌లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. మన ఆర్టీసీకి అదే మూలం. దేశంలో ప్రభుత్వం నడిపిన తొలి బస్సు సర్వీసుల్లో అది ఒకటి. ఆ బస్సులు తిరిగినవీ మొదట రాజధాని చుట్టూనే. తూర్పు పడమరల బాట, గోదావరి వెంట బాట, జిల్లా రోడ్డుగా, వాగు పొంగితే ఆగిపోయే మొరం రోడ్డుగా దిగజారింది.

1943 డిసెంబరులో దేశంలోని చీఫ్ ఇంజినీర్లు నాగపూర్‌లో సమావేశమై రాబోయే 20 ఏళ్లకు ఒక ప్రణాళిక గీశారు. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, పెద్ద జిల్లా రోడ్డు, చిన్న జిల్లా రోడ్డు, గ్రామ రోడ్డు అనే మెట్లు అక్కడ పుట్టినవే. కేంద్రం నుంచి కిరణాలు చిమ్మినట్టు కొన్ని రోడ్లు, వాటిని అడ్డంగా కలుపుతూ మరికొన్ని అని వాళ్ల ఊహ. కిరణాలు త్వరగా పడ్డాయి. అడ్డగీతలు ఆలస్యమయ్యాయి. 1956లో అమెరికా తన అంతర్రాష్ట్ర రహదారుల చట్టం చేసింది, అదే ఏడు మన పార్లమెంటు జాతీయ రహదారుల చట్టం చేసింది. అమెరికా ఒక తరంలో దేశం నాలుగు చెరగులా గళ్లు గీసేసింది. మన దగ్గర 1990ల చివర మొదలైన స్వర్ణ చతుర్భుజి 5,846 కిలోమీటర్లు. అందులో నేటి తెలంగాణలో ఒక్క కిలోమీటరూ లేదు. ఉత్తర దక్షిణ కారిడార్ మాత్రం ఆర్మూర్ మీదుగా పోయింది. అది మళ్లీ నాగపూర్ హైదరాబాదు దారే.

గోదావరి బాటకు దక్కింది ఒక్కటే: నిజామాబాద్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, లక్సెట్టిపేట, మంచిర్యాల, చెన్నూర్, సిరొంచ మీదుగా బస్తర్‌లోని జగ్దల్‌పూర్ దాకా 460 కిలోమీటర్ల జాతీయ రహదారి. పాత నంబరు 16. ఈ ప్రాంతంలో యాభై దాటినవాళ్లకు అది ఇప్పటికీ పదహారో నంబరు రోడ్డే. పేరుకు జాతీయమైనా దానికి పెద్ద లోపం ఉండేది. ప్రాణహిత మీద, ఇంద్రావతి మీద వంతెనలు లేవు. లారీ చెన్నూరు దాటి కొంత దూరం పోయాక నది ఒడ్డున ఆగవలసిందే. మనుషులు పడవల్లో దాటేవారు. పటంలో ఒకే గీతగా కనిపించే రహదారి నేల మీద మూడు ముక్కలు. ప్రపంచంలోకెల్లా పొడవైన రోడ్డుగా చెప్పే పాన్ అమెరికన్ రహదారికీ ఇదే గతి: అలాస్కా నుంచి దిగి వచ్చి, పనామా, కొలంబియాల నడుమ డారియన్ అడవిలో సుమారు 100 కిలోమీటర్లు రోడ్డే లేదు. అక్కడ అడవిని, ఆదివాసులను కాపాడాలన్న వాదన దాన్ని ఆపింది. ఇక్కడ ఆపింది పట్టించుకోకపోవడమే. వంతెనలు ఒక్కొక్కటిగా ఇటీవలే పూర్తయి, దశాబ్దాల తర్వాత గీత గీతలా కలిసింది.

2010లో కేంద్రం రహదారులన్నిటికీ కొత్త నంబర్లు ఇచ్చింది. ఉత్తర దక్షిణాలకు పోయేవాటికి సరిసంఖ్యలు, తూర్పు నుంచి పడమటికి పోతుంటే పెరుగుతాయి. తూర్పు పడమరలకు పోయేవాటికి బేసిసంఖ్యలు, ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తుంటే పెరుగుతాయి. అమెరికాలో సరి, బేసిల వరస దీనికి తలకిందులు. పాత 7 పోయి 44 అయింది. మచిలీపట్నం దారి 9 పోయి 65 అయింది. మన 16 తీరం వెంట కలకత్తా నుంచి మద్రాసు పోయే దారికి పోయింది, మనది 63 అయింది. కల్యాణ్ నుంచి వచ్చే పాత 222, నిర్మల్ దగ్గర ఆగిపోయేది. అది 61 అయి, తర్వాత గోదావరి దాటి మల్లాపూర్, జగిత్యాలలకు సాగింది. రెండూ బేసి అంకెలే. మన సడక్ తూర్పు పడమరల సడక్ అని అంకె కూడా ఇప్పుడు ఒప్పుకుంటోంది. జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ వైపు 563 చీలింది, సూర్యాపేట నుంచి సిద్దిపేట మీదుగా సిరిసిల్లకు 365బి వచ్చింది.

అయితే నంబరు రాకముందే ఈ పడమటి దారిని మళ్లీ తెరిచింది ఇంజినీర్లు కాదు, నేతగాళ్లు. మగ్గం కూడు పెట్టని రోజుల్లో సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల పద్మశాలీలు సంసారాలు కట్టుకుని షోలాపూర్, బొంబాయి, భీవండీ పోయారు. అంతకుముందే రాళ్లెత్తే పనికి పోయిన తెలుగువాళ్ల పేరు బొంబాయిలో కామాఠీపురాకు నిలిచింది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఈ నేల తన బతుకుదెరువును మూడు ముక్కల్లో చెప్పుకుంటుంది. భీవండీలో తెలుగు వినపడే గల్లీలు ఏర్పడ్డాయి. అక్కడ సాంచాల (మరమగ్గాల) మీద పని నేర్చినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు పాత సాంచాలను లారీల్లో వేసుకుని సిరిసిల్లకు తెచ్చారు. ఊళ్లో బట్టల ఉత్పత్తి తీరే మారిపోయింది. తగర నుంచి బట్ట బళ్ల మీద పడమటి రేవుకు పోయిందని గ్రీకు నావికుడు రాశాడు. పంతొమ్మిది వందల ఏళ్ల తర్వాత బట్ట నేసే చేతులే పాత కల్యాణ్ రేవు పక్క ఊరికి పోయాయి, యంత్రాలతో తిరిగి వచ్చాయి.

పసుపు కూడా పడమటికే నడుస్తుంది. మెట్‌పల్లి, కోరుట్ల, మల్లాపూర్ ఎర్రనేలల్లో పండిన కొమ్ము నిజామాబాద్ మార్కెట్‌కు, అక్కడ ధర గిట్టకపోతే మహారాష్ట్రలోని సాంగ్లీకి పోతుంది. మల్లాపూర్ మండలం ముత్యంపేటలో నిజాం షుగర్స్ చక్కెర కర్మాగారం నడిచినన్నాళ్లు చెరుకు బళ్లు, ట్రాక్టర్లు ఈ రోడ్ల మీద బారులు తీరేవి. 2015 డిసెంబరులో అది మూతపడింది. రోడ్డు జాతీయ స్థాయికి ఎదిగే రోజుల్లోనే దాని మీద నడిచే అతి పెద్ద సరుకు ఆగిపోయింది. రోడ్డు ఉంటే చాలు, సంపద దానంతట అదే వస్తుందనేవాళ్లు ముత్యంపేట గేటు ముందు నిలబడి ఆలోచించాలి. కోటిలింగాలకు బాట ఉంది కాబట్టి టంకశాల రాలేదు. ఇనుము ఉంది, వరి ఉంది, నేత ఉంది, వాటిని నాణెంగా మార్చగల వర్తకుడు ఉన్నాడు కాబట్టి బాట పడింది.

ఇప్పుడు ఆర్మూర్ నుంచి మంచిర్యాల దాకా 63ను నాలుగు వరుసలు చేయాలన్న ప్రతిపాదన ఉంది. ఊళ్లకు బైపాసులు గీస్తున్నారు. భూమి పోయేవాళ్ల బాధ న్యాయమైనది. పసుపు పండే ఎకరం విలువను ప్రభుత్వ రిజిస్ట్రేషను ధరతో కొలవకూడదు. రోడ్డు వెడల్పు కావాలన్నదీ న్యాయమైనదే. బస్సులు, టిప్పర్లు, స్కూటర్లు, ఎడ్లబళ్లు ఒకే ఇరుకు దారిలో తోసుకుంటూ ఎన్ని ప్రాణాలు తీసుకున్నాయో ఈ ఊళ్లవాళ్లకు చెప్పనక్కర లేదు. భూమి ఇచ్చేవాడికి రోడ్డు మీద వాటా దక్కేలా పరిహారం కట్టగలిగితే ఈ రెండు న్యాయాలూ ఒకచోట నిలుస్తాయి.

తవ్వకాల గురించి ఒక మాట. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక నీళ్లు కోటిలింగాల దిబ్బ దాకా వచ్చాయి. ఊరు కొంత, పాత నగరం కొంత నీటి పాలయ్యాయి. మిగిలిన భాగంలో తవ్వవలసింది ఇంకా చాలా ఉంది. రహదారి వెడల్పు చేసేటప్పుడు, బైపాసు కోసం కొత్త నేల చీల్చేటప్పుడు పురావస్తు శాఖ మనిషి ఒకరు యంత్రం పక్కన ఉండాలని ఒప్పందంలోనే రాయాలి. ఇటలీలో, గ్రీసులో రోడ్డు తవ్వకాల్లో బయటపడిన పాత నగరాలు తక్కువేం కాదు. జగిత్యాల, వెల్గటూరు, ధర్మపురి మండలాల మట్టి అంతకంటే తక్కువది కాదు.

వచ్చే భాగంలో 65వ రహదారి వెంట మచిలీపట్నం వైపు దిగుదాం. తవెర్నియే వజ్రాల కోసం నడిచిన దారి అది.